ఒకే మనిషి, రెండు కళ్లు, రెండు రకాల శుక్లం ఆపరేషన్లు

రోగి 67 ఏళ్ల మహిళ. పల్నాడు వైపు పల్లెటూరు. ముప్పై ఏళ్లుగా మిర్చి ముచ్చికలు తీసే పనికి వెళ్తోంది. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరి, గిన్నెలో కూర ఉందో లేదో చేత్తో తడిమి చూసుకునే స్థితి వచ్చాక గానీ మా దగ్గరికి రాలేదు. ఏడు నెలల తేడాతో ఆమె రెండు కళ్లకూ నేనే ఆపరేషన్ చేశాను. కుడి కంటికి ఫేకో, అంటే చిన్న కోతలోంచి శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో నలిపి పీల్చే పద్ధతి. ఎడమ కంటికి ఎస్‌ఐసీఎస్, అంటే కాస్త పెద్ద కోత పెట్టి శుక్లాన్ని యంత్రం లేకుండా చేత్తోనే బయటికి తీసే పద్ధతి. అందరూ అనుకునేదానికి విరుద్ధంగా, చిన్న కోత పెట్టిన కన్నే ఎక్కువ బాధపడింది. ఎందుకలా జరిగిందో, అందులో నా పొరపాటు ఎంతో, రెండోసారి ఏం మార్చానో వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు కుడి కంటితో రెండు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టగలిగింది, ఎడమ కంటితో మూడు మీటర్లు. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌లో చూస్తే శుక్లం మధ్యలోని గింజ తాటిబెల్లం రంగులో ఉంది. ఆ రంగు కనబడిందంటే గింజ రాయిలా గట్టిపడిందని అర్థం. కంటి ప్రెషర్ మామూలుగానే ఉంది, షుగర్ లేదు, రెటీనాకు స్కాన్ చేస్తే ఇబ్బందేమీ కనబడలేదు.

కొడుకు ముందే ఒక మాట అనుకుని వచ్చాడు. "డాక్టరమ్మా, మా మేనత్తకి లేజర్‌తో చేశారు. సూది లేదు, కుట్టు లేదు, సాయంత్రానికి ఇంటికొచ్చేసింది. అమ్మకి కూడా అదే చెయ్యండి, డబ్బు గురించి ఆలోచించకండి" అన్నాడు. మన దగ్గర జనం లేజర్ అనేది ఎక్కువగా ఫేకోనే. నిజానికి అందులో లేజర్ ఉండదు. అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు 1967లో మొదలుపెట్టిన పద్ధతి అది. పళ్ల డాక్టరు వాడే అల్ట్రాసౌండ్ పరికరం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. సెకనుకు 40 వేల సార్ల దాకా కంపించే సన్నటి సూదిని కార్నియా అంచున రెండున్నర మిల్లీమీటర్ల కోతలోంచి పంపి, శుక్లాన్ని లోపలే నలిపి పీల్చేస్తాం. ఎస్‌ఐసీఎస్‌లో యంత్రం ఉండదు. తెల్లగుడ్డు మీద ఆరున్నర, ఏడు మిల్లీమీటర్ల కోత పెట్టి, అక్కడి నుంచి కార్నియా లోపలికి సొరంగంలా దారి చేసి, గింజను మొత్తంగా బయటికి తీస్తాం. లోపలి ఒత్తిడికి సొరంగం దానంతటదే మూసుకుంటుంది కాబట్టి దీనికీ కుట్లు అక్కర్లేదు. పది పన్నెండు మిల్లీమీటర్లు కోసి కుట్లు వేసిన పాత రోజుల ఆపరేషన్ వేరు, ఇది వేరు. ఈ తేడా ఆ కుటుంబానికి ఓపిగ్గా చెప్పి ఉండాల్సింది. ఓపీలో ఆ రోజు రద్దీ. "సరే, ఫేకోనే చేద్దాం" అన్నాను.

కార్నియా సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దాని లోపలి వైపు ఒకే ఒక్క వరుస కణాలు, తేనెపట్టు గదుల్లా ఆరు పలకలతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎండోథీలియం అంటాం. కంటి లోపలి ద్రవం కార్నియాలోకి ఊరుతూనే ఉంటుంది, ఈ కణాలు దాన్ని తోడి బయటికి పోస్తూనే ఉంటాయి. తోడే పని ఆగిందంటే కార్నియా నీరు పట్టి ఉబ్బి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారుతుంది. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 కణాలుంటాయి. వయసుతో కొన్ని తగ్గుతూ వస్తాయి. పోయినవాటి స్థానంలో కొత్తవి పుట్టవు, పక్కనున్నవే సాగి ఖాళీని కప్పుతాయి. ఏ పద్ధతిలో చేసినా ప్రతి శుక్లం ఆపరేషన్‌లోనూ కొన్ని పోతాయి. ఎన్ని పోతాయన్నదే మన చేతిలో ఉంది.

ఈ కణాలను లెక్కపెట్టే స్పెక్యులర్ మైక్రోస్కోప్ మా ఆసుపత్రిలో ఉంది. అనుమానం ఉన్నవాళ్లకే చేసేవాళ్లం. గింజ ఇంత గట్టిగా ఉందని తెలిసి కూడా ఆమెకు చేయించలేదు. ఈ కేసులో నా మొదటి పొరపాటు అదే.

మొదటి కన్ను

చుక్కల మందుతోనే మత్తు ఇచ్చాం. పక్కవైపు, అంటే కణత వైపు, 2.8 మిల్లీమీటర్ల కోత. ఐదు శాతం పొవిడోన్ అయొడిన్‌తో శుభ్రం చేయడం, శుక్లాన్ని సంచిలా చుట్టి ఉండే పల్చటి పొరకు ట్రైపాన్ బ్లూతో రంగు వేయడం, గుండ్రంగా పొర తెరవడం వరకు అంతా సాఫీగా జరిగింది. గింజను చాపర్ అనే చిన్న కొక్కెంతో చీల్చడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. పైభాగం చీలింది గానీ అడుగున ముక్కలు విడిపోలేదు. పనసతొనలను పట్టుకుని ఉండే పీచులా, ఒక ముక్కను లాగితే పక్క ముక్క దాంతో పాటు వచ్చేది. ఒక్కో పీచునూ తెంపుకుంటూ పోవాల్సి వచ్చింది. అల్ట్రాసౌండ్ పెంచాను. పొర చిరుగుతుందేమోనన్న భయంతో ముక్కలను ముందుకు, అంటే కార్నియాకు దగ్గరగా తెచ్చుకుని నలిపాను. పొర దక్కింది. ఆ భారం ఎండోథీలియం మీద పడింది.

చివర్లో మెషీన్ మీద సీడీఈ 42 చూపించింది. కంట్లోకి వెళ్లిన మొత్తం అల్ట్రాసౌండ్ శక్తికి అది కొలత. మెత్తటి శుక్లాలకు నా చేతిలో అది పది దాటదు. కార్నియాకు రక్షణగా వాడిన జెల్ మామూలు రెండు శాతం హెచ్‌పీఎంసీ. నీళ్ల ప్రవాహానికి అది త్వరగా కొట్టుకుపోతుంది, మధ్యలో మళ్లీ మళ్లీ నింపుకోవాలి. నేను రెండుసార్లే నింపాను. అల్ట్రాసౌండ్ వేడి, నీళ్ల సుడి, ఆ సుడిలో తిరుగుతూ వెళ్లి తగిలే గట్టి పెంకుల్లాంటి ముక్కలు, ఈ మూడూ కలిసి ఆ ఒక్క వరుస కణాల మీద పడ్డాయి.

మర్నాడు కట్టు విప్పగానే ఆమె అడిగిన మాట, "పొగ పెట్టారా అమ్మా గదిలో?" కార్నియా బూడిద రంగులో ఉంది. తడిబట్ట పిండి ఆరేసినట్టు లోపలి పొర నిండా ముడతలు. వాపుతో మధ్యభాగం మందం 712 మైక్రాన్లకు పెరిగింది, కంటి ప్రెషర్ కూడా పెరిగి 26కి చేరింది. చూపు మూడు మీటర్ల దూరంలో వేళ్ల లెక్క, అంటే ఆపరేషన్‌కు ముందున్న చూపుకీ దీనికీ పెద్దగా తేడా లేదు. కొడుకు ముఖంలో టెన్షన్ కనబడుతూనే ఉంది. "మేనత్తకి సాయంత్రానికే కనబడింది కదమ్మా" అన్నాడు. గింజ చాలా గట్టిగా ఉందని, దాన్ని నలపడానికి ఎక్కువ శక్తి వాడాల్సి వచ్చిందని, దాంతో కార్నియా వాచిందని, చాలావరకు తగ్గుతుందన్న నమ్మకం ఉన్నా హామీ ఇవ్వలేనని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాటలు ఆపరేషన్‌కు ముందు చెప్పి ఉంటే వాళ్ల బాధ సగమయ్యేది.

ప్రెడ్నిసొలోన్ చుక్కలు రెండు గంటలకోసారి, ఐదు శాతం ఉప్పునీటి చుక్కలు, ప్రెషర్‌కి టిమొలాల్ ఇచ్చాం. ఉప్పు సాంద్రత ఎక్కువ కాబట్టి ఆ చుక్కలు కార్నియా పైపొరలోని నీటిని బయటికి లాగుతాయి. ఎండోథీలియం అంటుకుని ఉండే డెసిమెట్ పొర ఊడిందేమోనని ఓసీటీ స్కాన్ చేసి చూశాం, ఊడలేదు. ఊడి ఉంటే గాలి బుడగ పెట్టి అతికించాల్సి వచ్చేది. వాపు నెమ్మదిగా తగ్గింది. వారానికి 645 మైక్రాన్లు, మూడు వారాలకు 588, ఆరు వారాలకు 551. ఆ రోజుల్లో ఆమె ఒక మాట చెప్పేది: "పొద్దున లేవగానే మంచు కమ్మినట్టుంటుంది, పదింటికల్లా కాస్త తేటపడుతుంది." ఎండోథీలియం అలసిన కంటికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. రాత్రంతా రెప్ప మూసి ఉండటంతో కార్నియా మీది తడి ఆవిరి కాదు, నీరు లోపలే నిలిచిపోతుంది. పగలు రెప్ప తెరిచి ఉంటే గాలికి కొంత ఆరుతుంది. పొద్దుటి మసక ఎన్ని గంటలకు పోతోందని ప్రతిసారీ అడిగేదాన్ని. పది నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి ఏడుకి వచ్చిందంటే కణాలు కోలుకుంటున్నాయని లెక్క.

మూడు నెలలకు చూపు 6/9, అంటే మామూలు చూపు 6/6కి కాస్త తక్కువ. అప్పుడు రెండు కళ్లకూ స్పెక్యులర్ చేయించాను. ఆపరేషన్ చేయని ఎడమ కంట్లో 2,050 కణాలు, వాటి మధ్య అక్కడక్కడా నల్లటి చుక్కలు. గటేటా అంటాం వాటిని, ముందునుంచే బలహీనంగా ఉన్న ఎండోథీలియానికి గుర్తు. కుడి కంట్లో 1,340. రెండు కళ్లూ మొదట్లో ఒకలాగే ఉండేవనుకుంటే, ఒక్క ఆపరేషన్‌లో మూడోవంతు పోయాయన్నమాట. కణాలు 500కు దగ్గరపడితే కార్నియా ఇక తేటగా ఉండలేకపోవచ్చు. బుడగలు లేచి, అవి పగిలినప్పుడల్లా భరించలేని నొప్పి వస్తుంది. అప్పుడు దాత కళ్లు కావాలి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థలోని రామాయమ్మ ఐ బ్యాంక్ లాంటి చోట్ల నుంచి కణజాలం తెచ్చి లోపలి పొరను మార్చే ఆపరేషన్ చేయించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి చెకప్‌లకు తిప్పాలి. కూలికి వెళ్తే గానీ గడవని మనిషిని ఆ దారిలోకి నెట్టకూడదు.

కంట్లో ఇసుక

చూపు 6/9 వచ్చింది, వాపు పోయింది. ఫైలులో అంతా బాగుంది. ఆమె మాత్రం, "కనబడుతోందమ్మా, కానీ కంట్లో ఇసుక పోసినట్టు గరగర. మధ్యాహ్నానికి రెప్ప ఎత్తబుద్ధి కాదు" అంది. ఇలాంటి మాటకు మన డాక్టర్లలో చాలామంది చెప్పే జవాబు, "ఆపరేషన్ బాగానే అయింది, అదే తగ్గిపోతుంది" అని. నేనూ రెండుసార్లు అదే అన్నాను. మూడోసారి కూర్చోబెట్టి చూశాను.

పసుపు రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే నాలుగు సెకన్లకే కన్నీటి పొర చెదిరిపోయింది. పది సెకన్లన్నా నిలవాలి. కార్నియా కింది భాగంలోనూ, కోత పెట్టిన చోటి చుట్టూ సూదిమొనల్లా మచ్చలు. దూదిని సన్నగా పేనికలా చేసి కార్నియా అంచులకు తాకించాను. ముక్కు వైపు తాకితే వెంటనే రెప్ప కొట్టింది. కణత వైపు, కోతకు దగ్గరగా తాకితే కదలలేదు. "తగులుతోందా?" అంటే "ఏమో అమ్మా" అంది. కార్నియా నరాలు అంచు నుంచి మధ్యకు పాకుతాయి, కోత పడినచోట తెగుతాయి. స్పర్శ తగ్గిన కన్ను సరిగ్గా రెప్ప కొట్టదు, కన్నీళ్లు తక్కువ ఊరతాయి. నరాలు మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది. ఇక రెప్పల అంచులు చూస్తే, నూనె ఊరే గ్రంథులన్నీ గట్టిపడ్డ మైనంతో మూసుకుపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్ల మిర్చి ఘాటు, దుమ్ము. ఇది ఆపరేషన్‌తో వచ్చింది కాదు, ముందునుంచీ ఉన్నదే. శుక్లం మీదే దృష్టి పెట్టి రెప్పలు చూడలేదు. ఇది రెండో పొరపాటు.

తర్వాత ఆమె సంచిలో ఉన్న మందుల సీసాలన్నీ బల్ల మీద పెట్టమన్నాను. మొదటి వారాల్లో ఎన్ని చుక్కలు వేయించామో లెక్కపెట్టాను. ప్రెడ్నిసొలోన్ ఎనిమిది, మాక్సీఫ్లాక్సాసిన్ నాలుగు, ఉప్పునీరు నాలుగు, నెపాఫెనాక్ మూడు, టిమొలాల్ రెండు. రోజుకు 21 చుక్కలు. చాలా సీసాల్లో మందు పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. కన్నీటి మీద తేలే నూనె పొరను అది చెదరగొడుతుంది, పైపొర కణాలను ఒరుస్తుంది. నెపాఫెనాక్ కోవకు చెందిన కొన్ని నొప్పి, వాపు మందులు కార్నియా స్పర్శను కూడా మందగింపజేయవచ్చు. ప్రతి మందుకూ ఒక కారణం ఉంది, కానీ కొన్ని అవసరం తీరాక కూడా చీటీ మీద అలాగే ఉండిపోయాయి.

అన్నీ ఆపేశాం. ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు ఆరుసార్లు, రోజూ రెండుపూటలా పది నిమిషాలు రెప్పల మీద వేడి గుడ్డ కాపడం, తర్వాత రెప్పల అంచు శుభ్రం చేసుకోవడం. ముచ్చికల పనికి రెండు నెలలు సెలవు పెట్టమన్నాను. సగం రోజులే పెట్టగలిగింది, అది కూడా ఎక్కువే. ఎనిమిది వారాలకు గరగర చాలావరకు తగ్గింది.

రెండో కన్ను

ఏడో నెలలో ఎడమ కంటికి సిద్ధమయ్యాం. ఈసారి ముందు రెప్పలు, కన్నీళ్లు, తర్వాతే శుక్లం. ఎడమ కంటికి నాలుగు వారాలు కాపడం, చుక్కలు. దాని వల్ల ఇంకో లాభం కూడా జరిగింది. పొడిబారిన కార్నియా మీద తీసిన వంపు కొలతకీ, తడి సర్దుకున్నాక తీసిన కొలతకీ అర డయాప్టర్ (అద్దాల పవర్‌కి వాడే కొలమానం) తేడా వచ్చింది. మొదటి కొలతతోనే కంట్లో పెట్టే కృత్రిమ లెన్స్ పవర్ లెక్కేసి ఉంటే తప్పేవాళ్లం.

గింజ ఇంకా ముదిరింది. 2,050 కణాలు, గటేటా. ఈ కంటికి ఫేకో వద్దని నిర్ణయించుకున్నాను. కొడుకుని, ఆమెని ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ గీసి చూపించాను. "కోత పెద్దది. కన్ను నాలుగు రోజులు ఎర్రగా ఉంటుంది, సలుపుతుంది. కంటి పక్కన ఇంజక్షన్ చేయాలి. కానీ లోపల నలపడం ఉండదు, ఆ అద్దం పొర మీద భారం తగ్గుతుంది" అన్నాను. ఆమె ఒక్కటే అడిగింది: "మళ్లీ పొగ కమ్మదు కదా?" కమ్మినా తక్కువ కమ్ముతుందని చెప్పాను.

ఎస్‌ఐసీఎస్‌లో ఎండోథీలియానికి ముప్పు లేదనుకుంటే పొరపాటే. అంత పెద్ద గింజ కార్నియా కిందనుంచే బయటికి జారాలి, చోటు చాలకపోతే రాసుకుంటూ వెళ్తుంది. అందుకని మూడు విషయాల్లో జాగ్రత్త పడ్డాను. పొర తెరిచే గుండ్రం ఆరు మిల్లీమీటర్లకు తగ్గకుండా పెట్టాను, గింజను బలవంతంగా పైకి లేపాల్సిన పని లేకుండా. సొరంగం లోపలి మూతి బయటి కోత కంటే వెడల్పుగా చేశాను. గింజ పైకి వచ్చాక దాని మీద కాండ్రాయిటిన్, హయలురోనేట్ కలిసిన చిక్కటి జెల్ దట్టంగా పరిచాను, అది కార్నియాకు అంటుకుని నిలబడుతుంది. గింజ కింద మామూలు హెచ్‌పీఎంసీ. రెండు దిళ్ల మధ్య పెట్టినట్టు గింజ ఎక్కడా తగలకుండా వెక్టిస్ అనే చెంచాలాంటి పరికరం మీద జారి బయటికి వచ్చింది. ట్రేలో పడ్డప్పుడు టక్కున చప్పుడైంది. మొదటి కంట్లో నేను నలపబోయింది అలాంటిదాన్నే.

కోత కూడా పైన కాకుండా కణత వైపే పెట్టాను. ఈ వయసువాళ్లలో కార్నియా ఎక్కువగా అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది. కణత వైపు కోత ఆ వంపును కొంత తగ్గిస్తుంది, పైన కోస్తే పెంచుతుంది. అయొడిన్‌ను మాత్రం తగ్గించలేదు. ఇన్‌ఫెక్షన్ రాకుండా కాపాడేది అదే కాబట్టి మానేయకూడదు. పని అయ్యాక బాగా కడిగేశాం. మొత్తం పద్నాలుగు నిమిషాలు.

మర్నాడు కన్ను ఎర్రగా ఉంది, తెల్లగుడ్డు మీద ఒక పక్క నెత్తురు పట్టింది. ఆమెకి దిగులేసింది. "ఆ కన్ను ఇంత ఎర్రగా లేదమ్మా, ఇది ఇంకా పాడైందా?" అంది. మనుషులు అద్దంలో కనబడే ఎరుపుని బట్టే ఆపరేషన్‌ను కొలుస్తారు. స్లిట్ ల్యాంప్‌లో మాత్రం కార్నియా తేటగా ఉంది, సొరంగం దగ్గర రెండు మూడు ముడతలు తప్ప. మందం 574 మైక్రాన్లు. చూపు 6/18. మందులు ఈసారి రెండే సీసాలు, పైన ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు. నాలుగో రోజుకు సలుపు పోయింది, రెండు వారాలకు ఎరుపు పోయింది. నెలకు అద్దాలతో 6/9, ఒక డయాప్టర్ సిలిండర్, అంటే కార్నియా వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం వల్ల వచ్చే పవర్, మిగిలింది. మూడు నెలలకు కణాలు 1,790. నష్టం 13 శాతం లోపు.

ఈ కేసు చూసి ఫేకో చెడ్డదని అనుకోవద్దు. పుణెలో రెండు పద్ధతులనూ పోల్చి చేసిన అధ్యయనంలో ఆరు వారాలకు కణాల నష్టంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పుదుచ్చేరి అరవింద్‌లో పూర్తిగా తెల్లబడ్డ శుక్లాల మీద చేసిన పోలికలో చూపు రెండింటిలోనూ సమానంగానే వచ్చింది, మొదటి రోజు కార్నియా వాపు మాత్రం ఫేకో కళ్లలో ఎక్కువ కనబడింది. మెత్తటి, మధ్యరకం శుక్లాలకు నేను ఇప్పటికీ ఫేకోనే చేస్తాను. సిలిండర్ తక్కువ వస్తుంది, కన్ను త్వరగా తేరుకుంటుంది. ఆ రోజు మంచి జెల్ వాడి, వెనక పొరకు దగ్గరగానే ముక్కలు నలిపి ఉంటే ఇదే కంటికి ఫేకో కూడా ఇంత నష్టం చేసేది కాదేమో. గట్టి గింజ, బలహీనమైన ఎండోథీలియం కలిసినప్పుడు మాత్రం నా చేతికి ఎస్‌ఐసీఎస్సే నమ్మకం.

ఇంకో విషయం దాచకూడదు. ఎడమ కన్ను హాయిగా ఉండటానికి కారణం ఎస్‌ఐసీఎస్ అని నేను చెప్పలేను. ఆ కోత కూడా కార్నియా అంచు దాటి లోపలికి వెళ్తుంది, నరాలు అక్కడా తెగుతాయి. దూది తాకించి చూస్తే ఆ కంటికీ కణత వైపు స్పర్శ తగ్గే ఉంది. కార్నియా తేటగా ఉండటం పద్ధతి వల్ల, ఇసుక లేకపోవడం నాలుగు వారాల వేడి గుడ్డ వల్ల, తగ్గించిన చుక్కల వల్ల అని నా అంచనా. ఈ రెండింటినీ కలిపేసి రోగికి చెప్పకూడదు, మనమూ అలా అనుకోకూడదు. ఇప్పుడు మా దగ్గర శుక్లం ఆపరేషన్‌కు పేరు రాసే ప్రతి ఒక్కరికీ రెప్పల అంచు చూసి, కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తుందో కాగితం మీద రాస్తున్నాం. గింజ గోధుమ రంగు దాటితే స్పెక్యులర్ తప్పనిసరి.

ఏడాదికి చెకప్‌కు వచ్చినప్పుడు కుడి కంట్లో 1,290 కణాలున్నాయి, మందం 548 మైక్రాన్లు. ఏటా లెక్క చూడాలని ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాశాను. ఒక కన్ను మూసి ఇంకో కంటితో, మళ్లీ మార్చి, గోడ మీది క్యాలెండర్ చూసింది. అంకెలు రెండు కళ్లకూ ఒకేలా కనబడుతున్నాయంది. తెల్లారుజామున చలిగాలికి కుడి కంట్లో నీరు కారుతుందట, ఎడమ కంట్లో కారదట. కుడి కంటికి కన్నీటి చుక్కలు రెండుపూటలా కొనసాగించమన్నాను. ముచ్చికల పనికి వెళ్లేటప్పుడు పెట్టుకోవడానికి పక్కలు మూసి ఉండే అద్దాలు ఇచ్చి పంపాం.